ఏడో దారి, ఎస్తేరమ్మ బోణీ పాలు

నాకు అక్షరాలు పదిహేనో ఏట వచ్చాయి. అంతవరకు పాకాల జంక్షనులో ఉడకబెట్టిన శెనక్కాయలు అమ్ముకునేవాణ్ణి.

తర్వాత ముప్పై ఏళ్ళకు పైగా నేను చేసింది కెర్నెల్ పని. కెర్నెల్ అంటే యంత్రంలో అన్నిటికంటే అడుగున కూర్చుని, పైన నడిచే ప్రోగ్రాములన్నిటికీ చోటూ సమయమూ పంచిపెట్టే పెద్ద ప్రోగ్రాము. ఆ పనికి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను మొదట అడిగే ప్రశ్న, "మీది ఏ కాలేజీ సార్?" కాలేజీ సంగతి తర్వాత. నా పనికి పనికొచ్చిన మొదటి పాఠం ప్లాట్‌ఫారం మీద దొరికింది. దానికి ఫీజు నేను కట్టలేదు, ఇంకొకరు కట్టారు.

పాకాల నుంచి బండ్లు మూడు వైపులకు పోతాయి. తిరుపతికి, కాట్పాడికి, మదనపల్లె మీదుగా ధర్మవరానికి. ఒక మధ్యాహ్నం ఒక అవ్వ మనవరాలిని భుజాన వేసుకుని వచ్చింది. బిడ్డ ఒళ్ళు కాలిపోతోంది. వేలూరు ఆస్పత్రికి పోవాలంటే కాట్పాడి బండి ఎక్కాలి.

"నాయనా, ఈ బండి కాట్పాడికేనా? బోర్డు సదివి సెప్పప్పా, నాకు కండ్లు ఆనవు" అంది.

నాకు చదువు రాదని చెప్పడానికి నోరు రాలేదు. చుట్టూ నా ఈడు వాళ్ళున్నారు. బోర్డు వైపు చూశాను. చదువుతున్నట్టు పెదవులు కూడా కదిపాను. "ఇదే అవ్వా, ఎక్కు ఎక్కు" అన్నాను. ఆమె నాకు దండం పెట్టి ఎక్కింది. బండి మదనపల్లె వైపు పోయింది.

పోర్టరు మునెయ్య అది చూశాడు. కొడతాడనుకున్నాను. కొట్టలేదు.

"రాకపోతే రాదని సెప్పాల్రా. రాదని సెప్పింటే ఆయమ్మ ఇంకొకర్ని అడిగుండేది గదా. తెలిసినోడి మాదిరి సెప్పినావు సూడు, దాంతోనే ముంచినావు" అన్నాడు.

ఆ బిడ్డ ఏమైందో నాకు ఈనాటికీ తెలియదు. మరుసటి రోజు నుంచి మునెయ్యే నన్ను స్టేషను పేరు బోర్డు కింద నిలబెట్టి అక్షరాలు నేర్పించాడు. ఆ తర్వాత ప్రైవేటుగా పదో తరగతి, డిప్లొమా, ఉద్యోగం. ప్రమోషన్ల గురించి రాయను. అవి ఎవరికైనా వస్తాయి.

ఒక్కటి చెప్పాలి. చిన్నప్పుడే చదువు వచ్చినవాళ్ళకు రాసిందల్లా నిజంలా కనిపిస్తుంది. నాలాగా ఆలస్యంగా నేర్చినవాడికి రాత ఎప్పుడూ గడప దగ్గర నిలబడ్డ కొత్త మనిషే. ఎవరు నువ్వు, ఎవరు పంపారు, నీతో నాకేం పని అని అడిగిగానీ లోపలికి రానివ్వను. ఈ అనుమానమే నా వృత్తి. దీన్ని తప్పు మనిషి మీద వాడితే ఏమవుతుందో కూడా చెప్తాను.

పేజీ ఫాల్ట్ అంటే

పేరు విని భయపడవద్దు. అందులో చాలా మటుకు ఫాల్ట్ ఏమీ ఉండదు.

చిత్తూరు బెల్లం మండీలో వ్యాపారి సరుకంతా అంగట్లో పెట్టుకోడు. ముందర నాలుగు దిమ్మలు పెట్టుకుంటాడు, మిగతాది గోడౌనులో ఉంటుంది. గిరాకీ అడిగినప్పుడు గుమాస్తా గోడౌనుకు పోయి తెస్తాడు. గిరాకీకి మాత్రం సరుకంతా అంగట్లోనే ఉన్నట్టు అనిపిస్తుంది. యంత్రంలో జ్ఞాపకం, అంటే మెమరీ, అంగడి; సరుకంతా దాచి ఉంచే మెమరీ కార్డు గోడౌను. జ్ఞాపకాన్ని పేజీలుగా కోసి ఉంచుతారు. ప్రోగ్రాము అడిగిన పేజీ అక్కడ లేకపోతే ప్రాసెసరు ప్రోగ్రామును ఉన్నచోట ఆపి కెర్నెల్‌ను పిలుస్తుంది. ఆ పిలుపే పేజీ ఫాల్ట్. కెర్నెల్ కార్డు నుంచి పేజీ తెచ్చి ఇస్తుంది, ప్రోగ్రాము ఏమీ జరగనట్టు ముందుకు పోతుంది. నిమిషానికి కొన్ని వేలసార్లు జరుగుతుంది, ఎవరికీ తెలియదు.

చిక్కంతా కెర్నెల్ పేజీ తేలేనప్పుడు. ప్రోగ్రాము తనది కాని చోటును అడిగి ఉండవచ్చు. అప్పుడు దాన్ని బయటికి నెట్టాలి. జ్ఞాపకం నిండిపోయి కొత్త పేజీకి చోటు లేకపోవచ్చు. లేదా సరుకు గోడౌనులోనే ఉంది, తలుపు తెరుచుకోవడం లేదు. అంటే కార్డు చదవడం కుదరలేదు. ఈ మూడోదాన్ని బాగా గుర్తు పెట్టుకోండి. గిరాకీ తప్పేమీ లేదు. అయినా సరుకు లేదు. అప్పుడు గుమాస్తా ఏం చెప్పాలి?

పదకొండు దారులు

మా కంపెనీ తిరుపతి నుంచి రేణిగుంట పోయే దారిలో ఒక పెద్ద షెడ్డు. చిన్న చిన్న యంత్రాలకు సర్క్యూట్ బోర్డులూ, వాటిలో నడిచే కెర్నెలూ మేమే చేసేవాళ్ళం. నా చివరి మూడేళ్ళలో ఎక్కువగా అమ్మింది పాలు పరీక్షించే యంత్రం. ఊళ్ళలో పాల కేంద్రాల్లో ఉంటుంది. గిన్నెడు పాలు పోస్తే వెన్న ఎంత, నీళ్ళు కలిశాయా లేదా చెప్పి చీటీ అచ్చు వేస్తుంది.

దాని కెర్నెల్లో పేజీ ఫాల్ట్‌ను చూసే కోడ్ కొత్తది కాదు. పాత యంత్రాల నుంచి మోసుకొచ్చింది. పేజీ తేలేనప్పుడు బయటపడటానికి అందులో పదకొండు దారులు ఉండేవి. ఒక దారి ప్రోగ్రామును చంపేది. ఒకటి మళ్ళీ ప్రయత్నించేది. ఒకటి యంత్రాన్నే తిరిగి మొదలుపెట్టేది. మిగతావి వీటికి పిన్నమ్మ పిల్లలు, పెదనాన్న పిల్లలు. ఎప్పుడో ఎక్కడో ఒక గిరాకీ అరిచినప్పుడు ఒక్కొక్కటి పుట్టింది. పుట్టిన ప్రతిదీ బతికింది. ఎవరూ దేన్నీ తీసెయ్యలేదు, ఎందుకంటే అది ఎందుకు ఉందో ఎవరికీ తెలియదు.

దీనికి తోడు తాళం. ప్రోగ్రాము జ్ఞాపకాన్ని కెర్నెల్ వెతికేటప్పుడు, ఇంకెవరూ మధ్యలో దాన్ని మార్చకుండా తాళం వేస్తుంది. బయటికి పోయేటప్పుడు తియ్యాలి. పదకొండు దారులంటే పదకొండు చోట్ల తాళం తియ్యాలి. నాలుగో దారిలో, జ్ఞాపకం నిండినప్పుడు మాత్రం, తియ్యడం మరిచిపోయారు. ఎప్పుడో ఒకసారి యంత్రం కొయ్యబారిపోయేది. దాన్ని పట్టుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఆ దారి పైన ఒక వాక్యం రాసి ఉంది: "ఇక్కడికి ఎప్పటికీ రాదు." పిల్లలూ, కోడ్‌లో ఆ వాక్యం కనబడితే మొదట అక్కడే తవ్వండి.

అప్పుడే నిర్ణయించుకున్నాను, ఈ పదకొండింటినీ పీకి ఒకే వాకిలి పెట్టాలని. పేజీ తేవడానికి పోయినవాడు తీర్పు చెప్పకూడదు. తెచ్చాను, లేదా ఇందుకు తేలేకపోయాను, అని జవాబు మాత్రం వెనక్కి పంపాలి. చివర ఒకే చోట తాళం తీసి, ఆ జవాబు చూసి ఏం చెయ్యాలో అక్కడే తేల్చాలి. అడగాల్సిన ప్రశ్నలు రెండే. అడిగింది ప్రోగ్రామా, కెర్నెలా? తేలేకపోయింది ఎందుకు?

మా మేనేజరు ధనంజయ ఒప్పుకోలేదు.

"ఏమప్పా, నడస్తా ఉండేదాన్ని ఎందుకు కెలకతావు? నువ్వు తీసేసిన దాంట్లో ఏది యాడ పట్టుకోని ఉండాదో నీకు తెల్సునా?"

"తెలీదు సార్. అందుకే తీసేది."

"మిషను ఆగకూడదు. అంతే నాకు. ఆగే మిషను ఎవుడూ కొనడు."

ధనంజయ దొంగ కాదు. ఆయన మీద నా తీర్పు ఇది: భయస్తుడు. మా పనిలో దొంగను పట్టుకోవచ్చు, వాడు ఎక్కడో ఒకచోట జాడ వదులుతాడు. భయస్తుడు ప్రతి జాడనూ తుడుస్తూ పోతాడు. యంత్రం ఆగకూడదు అనే మాటకు లోపల అర్థం ఒకటే: ఆగిందని నాకు ఫోను రాకూడదు. ఈ మాట అనే పైవాడు మీకూ దొరుకుతాడు. ఆయన్ని గౌరవించండి, నమ్మవద్దు.

సరే, తీరిక దొరికినప్పుడల్లా పక్కన ఒక నకలు పెట్టుకుని కొత్త వాకిలి కట్టడం మొదలుపెట్టాను. ఆయనకు తెలుసు. తెలియనట్టు ఉన్నాడు.

నేను పెట్టిన సంతకం

ఈలోపు పాల డెయిరీ నుంచి ఒక ఫిర్యాదు వచ్చింది. పాకాల పక్కన ఒక ఊళ్ళో పాల కేంద్రం నడిపే మనిషి ఎస్తేరమ్మ. పాలు కొలిచి, పరీక్షించి, చీటీ ఇచ్చే పని ఆమెది. ఆ కేంద్రంలో ప్రతి పూటా మొదటి చీటీలో నీళ్ళు కలిసినట్టు వస్తోంది. మొదటి పాలు ప్రతిసారీ ఎస్తేరమ్మవే. కేంద్రం నడిపేదే నీళ్ళు కలుపుతుంటే ఊరిని ఎవరు ఆపుతారు అని డెయిరీ సూపర్వైజరు ఆమెను తీసెయ్యడానికి సిద్ధమయ్యాడు. ఆమె మాత్రం తప్పు యంత్రానిదే అంటోంది. యంత్రం మీద మా మాట రాతపూర్వకంగా కావాలి.

నేను చీటీల పట్టిక చూశాను. యంత్రం చెడితే ఆ పూట పాలన్నీ తప్పు చూపించాలి. ఇక్కడ మొదటి చీటీ ఒక్కటే తేడా. రెండో మనిషి నుంచి అన్నీ సక్రమం. ఆ మొదటి మనిషి ఎప్పుడూ ఆమే. యంత్రానికి మనుషులు తెలుస్తారా? నా అనుమానం నేరుగా ఆమె మీదికి పోయింది. బోర్డు ఒకటి బల్ల మీద పెట్టి రెండు రోజులు పరీక్షించాను, ఒక్క తప్పు రాలేదు. "యంత్రంలో లోపం లేదు" అని రాసి సంతకం పెట్టాను. ఎంతో జాగ్రత్తగల మనిషినని నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

ఊరికి పోలేదు. ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. రాతను నమ్మనని చెప్పుకునేవాణ్ణి పట్టిక చూసి తీర్పు చెప్పాను.

ఏడో దారి

పదకొండు దారులు పీకేటప్పుడు నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. ప్రతి దారినీ, నువ్వు ఎవరి కోసం పుట్టావు అని అడిగేవాణ్ణి. అంటే పాత మార్పుల చరిత్ర తవ్వి, ఆ పంక్తులు ఎవరు, ఎందుకు చేర్చారో చూసేవాణ్ణి. జవాబు దొరకనిదాన్ని కావాలని రెచ్చగొట్టి, ఏం చేస్తుందో చూసి తీసేసేవాణ్ణి. సంతకం పెట్టిన రెండు వారాలకు ఏడో దారి దగ్గరికి వచ్చాను.

ఏడో దారి ఏం చేస్తుందంటే, కార్డు చదవడం కుదరనప్పుడు ప్రోగ్రాముకు ఒక ఖాళీ పేజీ ఇస్తుంది. అంతా సున్నాలు. ఇదిగో నువ్వు అడిగింది అన్నట్టు ఇస్తుంది. ఎక్కడా రాసి పెట్టదు. ఆ ఖాళీ పేజీ కూడా ఆ ఒక్కసారికే. మళ్ళీ అడిగితే మళ్ళీ కార్డు దగ్గరికి పోతుంది. పైన ఒక వాక్యం: "తెర మీది బొమ్మలకు మాత్రమే. తాత్కాలికం."

ఎవడు రాశాడు ఇది అని చరిత్ర తీశాను. నా పేరే ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. చాలా ఏళ్ళ కిందట పులికాట్ ఒడ్డున రొయ్యలు నిలవ చేసే షెడ్డులో చలి ఎంతుందో చూపే పెట్టెలు పెట్టాం. ఉప్పుగాలికి కార్డులు తుప్పు పట్టి, తెర మీది బొమ్మలు చదవలేక పెట్టెలు ఆగిపోయేవి. ధనంజయ ఫోనులో, "బొమ్మ కనపడకపోతే ఏం మునిగిపోతుందప్పా, ఆగకుండా చెయ్యి" అన్నాడు. బొమ్మకు బదులు ఖాళీ ఇస్తే నష్టం లేదనిపించింది. ఒక పూటలో రాసిచ్చాను. అక్కడ నిజంగానే నష్టం జరగలేదు. కానీ పేజీలో ఉన్నది బొమ్మా, ఇంకేదైనానా అని కెర్నెల్‌కు తెలియదు. "బొమ్మలకు మాత్రమే" అన్నది నా వాక్యంలో ఉంది, కోడ్‌లో లేదు. ఊళ్ళోవాళ్ళ రాతనంతా గడప దగ్గర ఆపినవాణ్ణి, నా రాతను పీట వేసి కూర్చోబెట్టాను.

ఆ కెర్నెలే పాల యంత్రంలోకి వచ్చింది. పాల యంత్రంలో కార్డు నుంచి చదివేది ఏమిటి? దిద్దుబాటు పట్టిక. పాలల్లో ముంచిన కడ్డీ ఇచ్చే అంకెలు పచ్చివి. పాల వేడిని బట్టి వాటికి కొంత కలిపితేనే సరైన లెక్క వస్తుంది. ఆ కలపాల్సినవన్నీ సున్నాలయితే మంచి పాలు కూడా నీళ్ళ పాలుగా కనిపిస్తాయి.

మొదటి చీటీకే ఎందుకు? అది నా బల్ల దగ్గర తేలలేదు. నేను ఆ పూటే పాకాల బస్సెక్కాను.

బోణీ

పాల కేంద్రం ఒక రేకుల గది. ఎస్తేరమ్మకు నలభై ఐదు దాటి ఉంటాయి. గోడకు సిలువ బొమ్మ, దాని కింద మా యంత్రం, దాని మీద ఉతికిన తువ్వాలు కప్పి ఉంది. నేను ఎవరో చెప్పగానే ఆమె కుర్చీ వెయ్యలేదు.

"ఓ, సంతకం సార్ మీరేనా" అంది.

"నేనేనమ్మా."

"సూడకుండానే సెప్పినారంటనే, మిషను బంగారమని. సోమవారం వస్తా ఉండాడు సూపర్వైజరు, తాళాలు తీసుకునేదానికి. ఈ ఊళ్ళో నీళ్ళ ఎస్తేరమ్మ అని పేరు పెట్టినారు నాకు. రేపు నా కూతురి పిల్లోల్లకి గూడా అదే పేరు."

పాలు పోయడానికి వచ్చిన ఒక పెద్దాయన వెనక నుంచి, "నీళ్ళక్కా, నా పాలు ఎప్పుడు కొలస్తావు?" అన్నాడు. ఆమె తల తిప్పకుండా, "నీ బర్రెను తాగనియ్యి ముందు, నువ్వు తాగేది తగ్గించి" అంది. గదిలో నవ్వారు. ఆమె నవ్వలేదు.

నేను అడిగాను. "ప్రతి పూటా మొదట నీ పాలే ఎందుకు పోస్తావమ్మా?"

"బోణీ నాదే సార్."

"ఎందుకు?"

ఆమె పాలు కొలిచే గిన్నె పక్కన పెట్టింది.

"మొదుట్లో ఎవురు ముందొస్తే వాళ్ళవే పోసినా. అప్పుడు గూడా మొదటోళ్ళకే నీళ్ళని వస్తా ఉండె. ఒగరోజు పాపం సెంగమ్మకొచ్చె. ఒంటి ఆవు పెట్టుకోని బతికే మనిషి, ఏడ్సుకుంటా పాయె. నాకు తెలిసిపాయె, మొదటి తూరి ఈ మిషను అబద్ధం సెప్తాదని. ఎవురితో సెప్పినా మిషను ఎందుకు అబద్ధం సెప్తాది అన్నారు. సరే, ఆ అబద్ధమేదో నా పాల మీదనే సెప్పనీలే అని అప్పుట్నించి నావే ముందు పోస్తా ఉండా."

నేను పట్టికలో చూసిన సాక్ష్యం అదీ. ఊరి మీద పడాల్సినదాన్ని ఆమె రోజుకు రెండు పూటలా తన మీద వేసుకుంది. దాన్నే నేను నేరంగా చదివాను.

ఇంకేం చూశావు అని అడిగాను. ఆమె నా ఇంజనీర్లందరికంటే బాగా చూసింది.

"అచ్చేసేది ఉండాది సూడండి. మొదటి చీటీ ముందర ఊరి పేరు, తేదీ, ఇంత పొడుగు కొట్టుకుంటాది. అది కొట్టేటప్పుడే పరీక్ష గూడా సేస్తాది. అప్పుడు ఈ లైటు రవ్వంత మసకబారతాది."

వంగి చూశాను. నిజమే. ప్రింటరు ఆ పొడుగాటి తలకట్టు కొట్టేటప్పుడు కరెంటంతా లాగేస్తోంది. అదే క్షణంలో పట్టిక కోసం కార్డు చదవాలి. కార్డుకు కరెంటు చాలక చదవడం కుదరడం లేదు. ఏడో దారి ఖాళీ పేజీ ఇస్తోంది. రెండో మనిషి వచ్చేసరికి తలకట్టు అయిపోయి ఉంటుంది, ఈసారి కార్డు మామూలుగా చదువుతుంది, అంతా సక్రమం. మా బల్ల మీద బోర్డుకు పెద్ద కరెంటు పెట్టె ఉంది, ప్రింటరే లేదు. రెండు రోజులు కాదు, రెండేళ్ళు పరీక్షించినా తప్పు వచ్చేది కాదు. ప్రింటరు తీగ పీకి, యంత్రాన్ని మళ్ళీ మొదలుపెట్టి, ఆమె పాలే పోశాం. తెర మీద మంచి పాలని వచ్చింది.

నేను ఆమెతో చెప్పాను. "తప్పు మిషనుది కాదమ్మా. నాది. ఆ ముక్క రాసింది నేనే."

అప్పుడు కుర్చీ వేసింది. "కూసోండి. కాఫీ తాగతారా?" అంది. క్షమించిందని మీరు అనుకోవద్దు. మా వైపు శత్రువుకు కూడా కాఫీ ఇస్తారు.

ఒకే వాకిలి

శనివారం ధనంజయ ముందు నిలబడ్డాను. నా ఉత్తరం నేను వెనక్కి తీసుకుంటానన్నాను.

"నీకేమన్నా పిచ్చా? ఆ ఉత్తరం వెనక్కి తీసుకుంటే ఎన్ని ఊళ్ళనించి మిషన్లు వెనక్కొస్తాయో తెల్సునా?"

"రానీండి సార్. ఎన్ని ఊళ్ళలో ఎస్తేరమ్మలున్నారో కూడా మనకు తెలియదు కదా."

"ప్రింటరుకు వేరే కరెంటు ఇద్దాం. సరిపోతాది. కోడ్ జోలికి పోవద్దు."

"కరెంటు ఇస్తాం. రేపు కార్డు పాతబడితే? ఎలుక తీగ కొరికితే? కార్డు చదవలేకపోవడానికి వంద కారణాలుంటాయి సార్. చదవలేకపోయానని చెప్పడానికి ఒక్క దారి ఉంటే చాలు."

"అప్పుడు మిషను ఆగతాది."

"ఆగనీండి. ఆగినప్పుడు మనిషి ఇంకోసారి పోస్తాడు. అబద్ధం చెప్తే నీళ్ళు కలిపినవాడనే పేరు మోసుకుని ఇంటికి పోతాడు."

ఆయన లేచి సంచి భుజాన వేసుకున్నాడు. చివరికి, "నేను ఈ రోజు ఆఫీసుకు రాలేదు, నువ్వు నాతో ఏమీ అనలేదు" అన్నాడు. ఆయన జీవితంలో అది ఎంత పెద్ద ధైర్యమో నాకు తెలుసు.

కొత్త వాకిలి అప్పటికే సగానికి పైగా తయారు. ఆదివారం దాన్ని పూర్తి చేశాను. పదకొండు దారులూ పోయాయి. పేజీ తెచ్చే కోడ్ ఇప్పుడు తీర్పు చెప్పదు, జవాబు తెస్తుంది. చివర ఒకే చోట తాళం తెరుచుకుంటుంది. ప్రోగ్రాము తనది కానిది అడిగితే దానికి చావు. కెర్నెలే ప్రోగ్రాము తరఫున చెయ్యి చాపి ఉంటే, ఆ పని కుదరలేదని ప్రోగ్రాముకు తిరుగు జవాబు. జ్ఞాపకం చాలకపోతే ఏదో ఒక ప్రోగ్రామును దించి మళ్ళీ ప్రయత్నం. కార్డు చదవలేకపోతే, చదవలేకపోయానని ప్రోగ్రాముకు స్పష్టమైన కబురు. ఆ కబురు అందుకున్న పాల ప్రోగ్రాము ఆ లెక్కను పారేసి, తెర మీద తెలుగులో చెప్తుంది. కొత్త కోడ్ పాతదాంట్లో మూడో వంతు లేదు. చదివితే ఒక పేజీకి వస్తుంది. దాన్ని నేను నాలుగుసార్లు చదివాను, ఎవరో గిట్టనివాడు రాసినట్టు.

ఇక్కడ ఒక మాట. సులభం చెయ్యడం అంటే పంక్తులు తగ్గించడం అని కొందరు అనుకుంటారు. పంక్తులు తగ్గించి అబద్ధాన్ని ఉంచవచ్చు, అది ఇంకా చక్కగా దాక్కుంటుంది. తప్పు ఎక్కడ పుట్టినా ఒకే వాకిలికి నడిచి రావాలి, అక్కడ నిలబడి తన పేరు చెప్పాలి. అప్పుడే సులభం.

సోమవారం

పొద్దున ఆరింటికి కేంద్రంలో ఉన్నాను. కొత్త కెర్నెల్ ఎక్కించాను. ప్రింటరు తీగ పాతదే ఉంచాను, కావాలనే. సూపర్వైజరు మోటారు సైకిలు దిగాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో ఆమెను తీసేసే కాగితం. పాల క్యాన్లతో ఇరవై మంది దాకా ఉన్నారు. ఇలాంటివి చూడటానికి జనం ఎప్పుడూ ముందే వస్తారు.

"ఈరోజు బోణీ ఎవరిది?" అన్నాను.

ఎస్తేరమ్మ తన చెంబు ఎత్తింది. నేను ఆపాను. "సూపర్వైజరు గారి చేత్తో పోయించమ్మా. పాలు ఆయనే ఎంచుకోనీ."

ఆయన అనుమానంగా చూసి, పక్కనున్న ఒక క్యాను తెరిపించి, స్వయంగా గిన్నెలో పోశాడు. ప్రింటరు గరగరమని తలకట్టు మొదలుపెట్టింది. లైటు మసకబారింది. కొత్త కోడ్‌ను కూడా నేను నమ్మలేదు, ఏ కోడ్‌నూ నమ్మను కదా.

తెర మీద అక్షరాలు వచ్చాయి: "పట్టిక చదవలేకపోయాను. ఈ లెక్క చెల్లదు. మళ్ళీ పోయండి."

ఎస్తేరమ్మను నీళ్ళక్కా అన్న పెద్దాయనే అన్నాడు. "ఓర్నీ, రాదని ఒప్పుకునింది రోయ్ మిషను."

సూపర్వైజరు మళ్ళీ పోశాడు. మంచి పాలని చీటీ వచ్చింది. పాత కెర్నెల్ ఎక్కించి, ప్రింటరు మళ్ళీ తలకట్టు కొడుతుండగా అవే పాలు పోయించాను. నీళ్ళ పాలని చీటీ వచ్చింది. రెండు చీటీలూ ఆయన చేతిలో పెట్టి, వాటి మీద నా పాత ఉత్తరాన్ని రద్దు చేస్తూ రాసిన కొత్త ఉత్తరం పెట్టాను. అందులో తప్పు ఎవరిదో పేరుతో రాశాను. ఆయన మూడూ చదివాడు. జేబులోని కాగితం జేబులోనే ఉండిపోయింది. ఆమెకు క్షమాపణ చెప్పలేదు. "సరే, కానీండి" అని బండెక్కి పోయాడు. అలాంటివాళ్ళు అంతే.

ఒక్కొక్కరే పాలు పోసి పోయారు. వాళ్ళలో ఆమె చెప్పిన సెంగమ్మ కూడా ఉంది. చీటీ తీసుకుని, పోతూ పోతూ ఎస్తేరమ్మ మోచెయ్యి ఒకసారి పట్టుకుని వదిలింది.

ఎవరూ లేనప్పుడు నేను తిరిగి కొత్త కెర్నెల్ ఎక్కించి, ప్రింటరుకు వేరే కరెంటు తీగ కలిపాను. "ఇంక నీకు బెంగ లేదమ్మా. రేపటి నుంచి ముందొచ్చినవాళ్ళ పాలే ముందు పోయవచ్చు" అన్నాను.

ఆమె యంత్రం మీద తువ్వాలు సర్దుతూ నా వైపు తిరిగింది.

"అన్నా, ఆ పాత ముక్క రాసిందెవురు?"

"నేనే."

"ఈ కొత్తది?"

"అదీ నేనే."

"అయితే రేప్పొద్దున గూడా నా పాలే ముందు పోస్తా" అంది.

నేను పదవీ విరమణ చేసి ఏడాది దాటింది. ఆమె ఇప్పటికీ బోణీ తనదే చేసుకుంటోందని విన్నాను.